ముప్ఫైకి ముప్ఫై

అమూల్య చెప్పాపెట్టకుండా ఫార్మసీ కాలేజీ నుంచి ఇంటికి వచ్చేసిన రోజు నందిగామలో ముసురు పట్టి ఉంది. బ్యాగు గుమ్మంలో దించి, "జ్వరంగా ఉంది నాన్నా" అంది. బ్రహ్మయ్య నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. ఒళ్ళు చల్లగానే ఉంది. అయినా బ్యాగు తీసి లోపల పెట్టాడు. మార్కెట్ యార్డులో గుమాస్తా ఆయన. పెద్దకూతురి మాట మీద ఏనాడూ అనుమానపడి ఎరగడు.

ఆ అవసరం ఆమె ఎప్పుడూ రానివ్వలేదు. టెన్త్‌లో స్కూలు ఫస్టు. ఇంటర్ బైపీసీకి విజయవాడలో హాస్టలున్న కాలేజీలో చేర్పిస్తే రెండేళ్ళూ తల ఎత్తకుండా చదివింది. ఎంసెట్‌లో ర్యాంకు తెచ్చుకుని, 2001లో గుంటూరు దగ్గర ఫార్మసీలో సీటు సంపాదించింది. ఇంటర్‌లో నాలుగు ప్రాక్టికల్స్‌లోనూ ముప్ఫైకి ముప్ఫై. ఆ మాట బ్రహ్మయ్య యార్డులో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

ఆ ముప్ఫై ఎలా వచ్చిందో ఆయనకు తెలియదు. ఆ ఇంటర్ కాలేజీలో ల్యాబ్ ఉంది కానీ తాళం వేసి ఉండేది. పరీక్షలకు ముందు ఒక పూట తెరిచి, బీరువాలో సామాను దూరం నుంచి చూపించి మళ్ళీ వేసేశారు. పరీక్ష రోజున ఏం రాయాలో బోర్డు మీద రాసిపెట్టారు. అందరూ అదే దించారు. అమూల్యకు అప్పట్లో అది తప్పనిపించలేదు. ఎంసెట్‌లో ప్రాక్టికల్స్ ఉండవు, ఆ టైములో ఇంకో చాప్టరు తిరగెయ్యొచ్చని లెక్చరర్లే అనేవాళ్ళు.

ఫార్మసీలో మొదటి కెమిస్ట్రీ ల్యాబ్ రోజున పిపెట్ అనే సన్నటి గాజుగొట్టం ఆమె చేతికిచ్చారు. పక్కన అమ్మాయి నోటితో మెల్లగా యాసిడ్ పైకి లాగి, పైన చూపుడువేలు అడ్డం పెట్టింది. అమూల్య కూడా అలాగే చేయబోయింది. లాగుతూ లాగుతూ గొట్టం కొన యాసిడ్‌లోంచి పైకి తీసేసింది. గాలితో పాటు యాసిడ్ ఒక్కసారిగా నోట్లోకి కొట్టింది. నాలుక చురుక్కుమంది. సింకు దగ్గరికి పరుగెత్తి ఉమ్మేసింది. పలచటి యాసిడ్ కాబట్టి ప్రమాదమేమీ జరగలేదు. ల్యాబ్ సారు వచ్చి, ఆమె నోరు పుక్కిలించేదాకా నిలబడి, "ఇంటర్ ఎక్కడ చదివావమ్మా?" అని అడిగాడు. ఎగతాళి కాదు, తెలుసుకుందామనే అడిగాడు. ఆమెను కుంగదీసింది అదే.

ఆ తర్వాత ప్రతి ల్యాబ్‌లోనూ ఎవరో ఒకరి వెనక నిలబడి, వాళ్ళకొచ్చిన అంకెలే తనవిగా రాసుకుంది. ఒకరోజు సారు, "వచ్చే వారం నుంచి ఎవరికి వాళ్ళే చెయ్యాలి" అన్నాడు. ఆ సాయంత్రమే ఆమె నందిగామ బస్సెక్కింది.

ఇంటికొచ్చిన మూడోనాడు పక్కింటి నజ్మా వచ్చి మంచం పక్కన కూర్చుంది. వాళ్ళ నాన్న రెహమాన్ సిమెంటు లారీ డ్రైవరు. జగ్గయ్యపేట జూనియర్ కాలేజీలో చూడామణి మేడం దగ్గరుండి ప్రాక్టికల్స్ చేయిస్తుందని ఎవరో చెబితే కూతుర్ని అక్కడే చేర్చాడు. నజ్మా రోజూ బస్సులో వెళ్ళొస్తుంది.

"జ్వరం లేదంటగా అక్కా. మరేంటి?"

అమూల్య గోడవైపు తిరిగింది. అటు చూస్తూనే అంతా చెప్పేసింది. తనకన్నా చిన్నదానితో చెప్పడం ఎందుకో తేలికనిపించింది.

నజ్మా నవ్వలేదు. "రేపు నాతో రా. మా మేడంతో మాట్లాడుదువు గాని."

మర్నాడు ఇద్దరూ జగ్గయ్యపేట బస్సెక్కారు. కాలేజీ పాతది. ల్యాబ్‌లో గ్యాసు లేదు, స్పిరిట్ దీపాలే. కుళాయి రాకపోతే పిల్లలు బకెట్లతో నీళ్ళు తెచ్చుకుంటున్నారు. బల్ల మీద గనుల దగ్గర ఏరుకొచ్చిన సున్నపురాయి ముక్కలు పేర్చి ఉన్నాయి. వాటిని పొడిచేసి, యాసిడ్‌లో కరిగించి, ఏ రాయిలో సున్నం ఎంతుందో సెకండియర్ పిల్లలు తేలుస్తున్నారు.

చూడామణికి యాభై దాటి ఉంటాయి. అమూల్య చెప్పిందంతా విని, "మంచినీళ్ళతో మొదలుపెట్టు" అంది. "చెయ్యి కుదిరేదాకా నీళ్ళే."

ఆ మధ్యాహ్నమంతా అమూల్య పిపెట్‌తో మంచినీళ్ళు పైకి లాగింది, వదిలింది. కొన పైకి లేవకుండా నజ్మా పక్కనుండి చూసింది. తనకన్నా చిన్న పిల్లలు అటూ ఇటూ తిరుగుతూ చూస్తుంటే మొదట్లో సిగ్గుతో చచ్చిపోయింది. కాసేపటికి ఎవరి పనిలో వాళ్ళు పడి ఆమెను మర్చిపోయారు.

నాలుగోరోజు యాసిడ్ ఇచ్చారు. బ్యూరెట్ అనే గీతలున్న గాజుగొట్టంలోంచి చుక్కచుక్కగా సోడా ద్రావణం వదులుతుంటే కింద ఫ్లాస్కులో యాసిడ్ లేతగులాబీ రంగుకు తిరగాలి. తిరగ్గానే ఆపెయ్యాలి. అమూల్య చేసి, అంకె రాసి చూపించింది.

చూడామణి కాగితం తీసుకుని బ్యూరెట్ దగ్గరికి వెళ్ళింది. "ఇది పదకొండు చూపిస్తోంది. నువ్వు పది పాయింట్ రెండని రాశావేం?"

"అందరికీ అదే వచ్చింది మేడం. నాది తప్పేమోనని..."

"తప్పే. రంగు ముదిరిపోయింది, ఆపడం ఆలస్యం చేశావు. ఆ తప్పు నీ కాగితం మీదుంటేనే కదా నేను చూసి చెప్పగలిగేది?"

అమూల్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాకు ముప్ఫైకి ముప్ఫై వేశారు మేడం. ఒక్కటీ చెయ్యలేదు."

"వాళ్ళిచ్చారు, తీసుకున్నావు. చిన్నపిల్లవి, అడగాలని నీకేం తెలుసు? కానీ నీకు రాదన్నది నిజం. అది ఒప్పుకున్నావు కాబట్టే ఇక్కడిదాకా వచ్చావు. ఫ్లాస్కు కడుక్కురా, మళ్ళీ చేద్దాం."

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె తండ్రికి ఉన్నదున్నట్టు చెప్పింది. బ్రహ్మయ్యకు మొదట అర్థం కాలేదు.

"మార్కులేశారుగా మరి?"

"వేశారు నాన్నా. చెయ్యకుండానే వేశారు."

ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. "అక్కడ చేర్చడానికి ఎంతమంది కాళ్ళావేళ్ళా పడ్డానో నీకు తెలవదు" అన్నాడు. 

రెండు వారాల తర్వాత అమూల్య కాలేజీకి తిరిగి వెళ్ళింది. వెళ్ళినంత మాత్రాన అన్నీ చక్కబడలేదు. ఆ ఏడు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఫెయిలైంది. తనకొచ్చిన అంకెలే రాసింది, అవి చాలలేదు. సప్లిమెంటరీలో గట్టెక్కింది. ఆ మార్కులు చాలా తక్కువ. అయినా అందులో ప్రతి మార్కూ తన చేతులతో తెచ్చుకున్నదే.

చిన్నకూతురు మైథిలి టెన్త్ పాసైనప్పుడు, అమూల్య చదివిన హాస్టల్ కాలేజీ వాళ్ళు సీటిస్తామంటూ ఇంటికొచ్చారు. బ్రహ్మయ్య వాళ్ళకు టీ ఇచ్చి పంపాడు. అంతకు మూడు నెలల ముందే ఆయన ఎవరికీ చెప్పకుండా జగ్గయ్యపేట వెళ్ళి, ఆ ల్యాబ్ గుమ్మంలో నిలబడి చూసి వచ్చాడని తర్వాత నజ్మా చెబితేగాని ఇంట్లో తెలియలేదు. జూన్‌లో మైథిలిని అక్కడే చేర్చాడు.

మైథిలికి ఎంసెట్‌లో చెప్పుకోదగ్గ ర్యాంకు రాలేదు. ఫార్మసీ సీటూ రాలేదు. చుట్టాలు బ్రహ్మయ్యను తప్పుపట్టారు. "ఒకదాన్ని అంత చదివించి, రెండోదాని బతుకు ఇట్టా చేశావేంటయ్యా?" అన్నారు మొహం మీదే.  ఆయన పశ్చాత్తాపపడ్డాడో లేదో అమూల్యకు ఏనాడూ తెలియలేదు. మైథిలి విజయవాడలో బీయస్సీ కెమిస్ట్రీలో చేరింది.

చెల్లెలి మొదటి ల్యాబ్ రోజున అమూల్యకు క్లాసులో మనసు నిలవలేదు. సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి చెల్లెలి హాస్టల్‌కు ఫోన్ చేసింది. మైథిలి రావడానికి చాలాసేపు పట్టింది.

"ల్యాబ్ ఎలా జరిగిందే?"

"ఏ ల్యాబ్?"

"కెమిస్ట్రీ. ఇవాళేగా?"

"ఓ, అదా. టైట్రేషన్. చేసా" అంది మైథిలి. "ఒకమ్మాయి పిపెట్ పట్టుకోవడం రాక బిక్కచచ్చిపోయింది. పాపం, దగ్గరుండి చూపించా. అది సరే గానీ అక్కా, ఇక్కడ సాంబారు అస్సలు బాగాలేదు. అమ్మతో కందిపొడి పంపించమని చెప్పవా?"

 అమూల్య రిసీవర్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుని, "చెబుతాలే" అంది.