రేవు గోడ మీద మనుషులు

"ఈ గోడ నాదే" అంది రంగులమ్మ, పడవ దిగి ఇసుకలో కాలు పెట్టీ పెట్టగానే.

గోడంటే రేవులో కొత్తగా కట్టిన హాలు గోడ. దీవికి వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ పడవ కోసం కూర్చునేది అక్కడే. దాని నిండా దీవి బొమ్మ వెయ్యడానికి మనిషి కావాలన్నారు. ముందు చిన్న బొమ్మ ఒకటి ఇక్కడే ఆరుబయట కూర్చుని, చూస్తూ వేసి చూపించాలి. నచ్చితే గోడ ఇస్తారు.

రంగులమ్మకి బొమ్మలు వెయ్యడం ఎవరూ నేర్పలేదు. ఇన్నాళ్లూ దుకాణాల బోర్డులు రాసి బతికింది. ఆమె రాసిన అక్షరాలు ఊరంతా చదివింది. ఆమె వేసిన బొమ్మలు మాత్రం మంచం కిందే ఉన్నాయి. ఈ గోడ దొరికితే జనం చూస్తారు. ఆమెకి కావలసింది అదే.

తోడుగా వదిన వచ్చింది, అన్న భార్య. సముద్రం చూద్దామని వచ్చి గొడుగు పట్టుకుని నిలబడాల్సొచ్చింది.

"మీ అన్నని కట్టుకున్నందుకు ఇంట్లో చాకిరీ, నీ వెంట వచ్చినందుకు ఎండలో చాకిరీ. మీ ఇంటి వాళ్లకి ఎవరో ఒకరు ఏదో ఒకటి పట్టుకుని నిలబడాలి!"

"గొడుగు ఇటు వంచి తిట్టు వదినా."

"వంచుతూ కూడా తిట్టగలను. నాకా చెప్తున్నావు!"

ఎండకి తెల్ల కాన్వాసు కళ్లలో పొడుస్తోంది. వదిన గొడుగు ఎర్రటిది, పల్చటి గుడ్డ. దాని కింద చేరగానే కళ్లకి హాయిగా ఉంది. ఆ హాయి మోసమని రంగులమ్మకి తెలియలేదు. బోర్డులన్నీ షెడ్డులో రాసిన మనిషి, బయట రంగు కలపడం ఇదే మొదలు.

కొబ్బరిచెట్లు వేసింది. నీళ్లు వేసింది. పడవల్లోంచి చేపల పెట్టెలు నెత్తికెత్తుకుని దింపుతున్న ఆడవాళ్లని వేసింది. దీవి బొమ్మంటే అందరూ ఖాళీ ఇసుక వేస్తారు, అక్కడ బరువులు మోసేవాళ్లే లేనట్టు. రంగులమ్మకి ఆ బొమ్మలంటే ఒళ్లుమంట.

పెట్టెతో పోతున్న ఒకామె ఆగింది. "మమ్మల్నేనా గీసేది?"

"మిమ్మల్నే."

"అయితే నడుం సన్నగా వెయ్యి తల్లీ. ఎవడొచ్చి కొలుస్తాడు!"

మధ్యాహ్నానికి బొమ్మ పట్టుకెళ్లి హాల్లో రేవు అధికారి ముందు పెట్టింది. పెట్టగానే తప్పు ఆమెకే కనిపించింది. నీళ్లు మెరుస్తున్నాయి, చెట్లు నిగనిగలాడుతున్నాయి. ఆడవాళ్ల మొహాలు మాత్రం ఆకుపచ్చగా, పసరు పూసినట్టున్నాయి. ఎర్ర గుడ్డలోంచి దిగిన వెలుతురులో ప్రతి రంగూ ఎర్రబారి కనిపించింది. ఎరుపు ఎక్కువైందనుకుని ఒంటి రంగులో ఆకుపచ్చ కలుపుతూ పోయింది. తెల్ల వెలుతురులోకి రాగానే గుట్టు బయటపడింది.

"సముద్రం భలే ఉందమ్మా" అన్నాడు అధికారి. "వీళ్లకేమైంది? వాంతులా? తీసెయ్యండి. అక్కడ ఇసుక వేసెయ్యండి. గోడ ఇప్పుడే మీదంటాను."

వదిన మోచేత్తో పొడిచి చెవిలో గుసగుసలాడింది. "ఊఁ అను. గోడెక్కాక నీ ఇష్టమొచ్చింది వేసుకోవచ్చు."

"చాటుగా ఎక్కించడానికి వాళ్లేమన్నా దొంగలా వదినా?" అని అధికారి వైపు తిరిగింది. "తప్పు నాదే సార్. ఎర్ర గొడుగు కింద రంగు కలిపాను. సాయంత్రం పడవ వచ్చేలోపు సరిచేస్తాను. ఇక్కడే, ఈ వెలుతురులోనే."

"మనుషుల్ని తీసేస్తే సరిచేసే పనే లేదుగా?"

"మనుషులు లేకపోతే నాకు బొమ్మే లేదు. ఇసుకే కావాలంటే గోడ ఇంకెవరికైనా ఇచ్చుకోండి."

అధికారి మొహం ముడుచుకున్నాడు. "సాయంత్రం దాకా చూస్తాను" అని లోపలికి పోయాడు.

కాసేపటికి పని ముగించుకుని, ఖాళీ పెట్టెలతో ఆడవాళ్లు పడవ కోసం హాల్లోకి వచ్చారు. బొమ్మ చూసి గొల్లుమన్నారు.

"ఇదేంటే, మమ్మల్ని తోటకూర కట్టల్లా చేశావు!"

"నవ్వింది చాలు, కిటికీ దగ్గర నిలబడండి. పెట్టెలు నెత్తిన పెట్టుకోండి."

"ఇంకా మోయాలా!"

"ఖాళీవేగా, మొయ్యండి. బద్ధకం!" అని వదిన గదమాయించింది. గొడుగు బాధ తప్పి గొంతు లేచింది ఆమెకి.

చిటికెలో ఆరిపోయే రంగులు. పసరు మొహాల మీద అసలు ఒంటి రంగు దిద్దింది. చెమట దిద్దింది. బరువుకి బిగిసిన మెడ నరం దిద్దింది. నడుం మాత్రం ఎవరిది వాళ్లకే ఉంచింది.

అధికారి వచ్చి చాలాసేపు చూశాడు.

"ఇప్పుడు బావున్నారు" అన్నాడు. "గోడ మీద కాస్త ఓ మూలకి జరపొచ్చేమో?"

"దీవిలో దిగే ప్రతి చేపా వీళ్ల నెత్తి మీంచే పోతుంది సార్. మూలకెందుకు పోతారు? నడిమధ్యలో ఉంటారు."

ఆడవాళ్లంతా అధికారినే చూస్తున్నారు. ఆయన మెడ గోక్కున్నాడు. బొమ్మ చూశాడు, వాళ్లని చూశాడు.

"ఆ గోడ దగ్గర బెంచీలు అవతలికి జరపాలి" అన్నాడు చివరికి. "పని రేపే మొదలుపెట్టండి."

రేపటిదాకా ఎవరాగుతారు? ఆడవాళ్లు అప్పుడే తలో కొస పట్టుకుని బెంచీలు లాగేస్తున్నారు. "అంటే రేపూ ఇక్కడే ఉండాలా?" అని వదిన గోల పెడుతోంది. రంగులమ్మ సుద్దముక్క తీసి, గోడకి సరిగ్గా మధ్యలో, తన తలకన్నా ఎత్తున మొదటి గీత గీసింది.