కాలు నిలవని మెట్లు

ప్రతిమ టిఫిను నిలబడే తింటుంది. కూర్చుంటే కాలు ఊపుతుంది, కాలు ఊపితే భర్త జయంత్‌కి ఒళ్ళు మండుతుంది. ఆ పొద్దున కూడా వంటగట్టుకి ఆనుకుని ఇడ్లీ ముక్కలు నోట్లో వేసుకుంటూ, ఇంకో చేత్తో కెమెరా బ్యాటరీ వెతుక్కుంటోంది.

"ఎవరు తరుముతున్నారు నిన్ను? కాసేపు కూర్చోవచ్చు కదా," అన్నాడు జయంత్.

"ఎండ ఎక్కితే ఫొటోలు బాగా రావు," అని ఆమె అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది.

పాత బిల్డింగుల వెనక, మంటలొస్తే దిగిపోవడానికి గోడకి బిగించిన ఇనప మెట్లుంటాయి చూశారా, వాటికి ఫొటోలు తియ్యడం ఆమె ఉద్యోగం. కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, పెళ్ళై దోహా వచ్చి, మూడేళ్ళు ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్నాక దొరికిన ఉద్యోగం. ఇచ్చినవాడు కామేశ్వరరావు. ఆయనది చిన్న ఫైర్ సేఫ్టీ ఆఫీసు. మెత్తగా మాట్లాడతాడు, అందర్నీ అమ్మా, నాయనా అంటాడు, ఎవరినీ ఒక మాట అనడు.

దోహాలో ముషైరిబ్ వైపు కొత్త బిల్డింగులకి మెట్లన్నీ లోపలే దాక్కుని ఉంటాయి. పాత పేట ఫరీజ్ బిన్ మహమూద్‌లో అలా కాదు. అక్కడ సంసారాలన్నీ మెట్లమీదే. బియ్యం బస్తాలు, నీళ్ళ క్యాన్లు, విరిగిన సైకిళ్ళు, ఆవకాయ జాడీలు, పిల్లల ఉయ్యాల. ప్రతిమ ముందురోజు ఫోన్ చేసి చెబుతుంది. వాళ్ళు సామానంతా లోపలికి లాక్కుంటారు. ఖాళీ మెట్లకి ఆమె ఫొటో తీస్తుంది. ఆమె కారెక్కేలోపు జాడీలు మళ్ళీ మెట్లమీదికి వచ్చేస్తాయి. ఆ సంగతి ఆమెకీ తెలుసు, కామేశ్వరరావుకీ తెలుసు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్ళకీ తెలుసు. పని అలా జరిగిపోతోంది.

ఇబ్బందంతా ఒక్క బేకరీ బిల్డింగుతోనే. కింద బేకరీ, పైన ఐదంతస్తులు. దాని మెట్లు ఒకచోట ఉండవు.

"పొద్దుగాల బేకరీ దిక్కే ఉండె మేడమ్," అన్నాడు వాచ్‌మన్ ముజఫ్ఫర్ అలీ. హైదరాబాద్ మనిషి. "ఇప్పుడు టైలర్ షాపు దిక్కు పోయినయ్. జర ఆగండి, చాయ్ తాగేటాల్లకు మళ్ళొస్తయ్."

రెండో అంతస్తు కిటికీలోంచి సాయిబాబు తల బయట పెట్టాడు. "మేడమ్ గారూ, అవి కనబడితే మా మెట్టుమీద లుంగీ ఆరేశాను, కాస్త చూడండి. నిన్న తువ్వాలు కూడా అటే పోయింది."

ప్రతిమ బిల్డింగు చుట్టూ తిరిగింది. మెట్లు నాలుగో అంతస్తు కిటికీ పక్కన నిలబడి, ఆమె కెమెరా ఎత్తగానే మూర నేల పక్కకి జరిగాయి. పది ఫొటోలు తీస్తే పదీ అలుక్కుపోయాయి.

"ఎందుకింత కంగారు వీటికి?" అంది చెమట తుడుచుకుంటూ.

"పారిపోనీకి కట్టిన మెట్లు కదా," అన్నాడు ముజఫ్ఫర్ అలీ, టీ గ్లాసు అందిస్తూ. "నేనొచ్చినసంది ఒక్కలు గూడ పారిపోలె. ఎవల కోసమో దేవులాడుతున్నయ్ పాపం. చక్కెర సరిపోయిందా?"

ఆ మాట ప్రతిమ కాళ్ళకి తగిలినట్టైంది. తనకీ అంతే. ఏ గదిలో ఉన్నా ఇంకో గదిలో ఏదో మరిచిపోయినట్టుంటుంది. ఎందుకో తెలియదు, తెలియకపోవడమే ఇంకా చిరాకు.

ఆఫీసులో కామేశ్వరరావు ఫొటోలు చూసి నిట్టూర్చాడు. ఆయన కాపురం ఆ బిల్డింగులోనే, మూడో అంతస్తులో.

"డ్రాయింగులో బేకరీ వైపు ఉన్నాయమ్మా. వచ్చే ఆదివారం ఇన్‌స్పెక్షన్. అవి బేకరీ వైపే ఉండాలి. గొలుసేసి కట్టించెయ్యి, గట్టి తాళం వెయ్యి." కాస్త గొంతు తగ్గించాడు. "ఈ మధ్య మా వంటింటి కిటికీ దగ్గరకి కూడా వస్తున్నాయి. మేం లేనప్పుడు ఎవడైనా ఎక్కితే? లోపల మా రెహానా ఒక్కతే ఉంటుంది. బయటినుంచి తాళం పెట్టుకునే వెళ్తామనుకో, కానీ కిటికీకి తాళం పెట్టలేం కదా."

"అంతేనండి," అంది ప్రతిమ. పనిమనిషిని లోపల ఉంచి తాళం పెట్టుకెళ్ళడం ఆమెకి వింతగా అనిపించలేదు. తెలిసిన ఇళ్ళల్లో అది మామూలే, అందరూ ఆ అమ్మాయి మంచికే అంటారు. నలుగురికి మెట్ల గురించి పాఠం చెప్పే ఆఫీసులో కూర్చుని ఆ మాట విని కూడా ఆమెకి ఏమీ తట్టలేదు.

మధ్యాహ్నం ఎండకి మెట్లు బేకరీ గోడని ఆనుకుని కునుకు తీస్తున్నప్పుడు ముజఫ్ఫర్ అలీ గొలుసు చుట్టి, నీళ్ళ పైపుకి బిగించి తాళం వేశాడు. తాళంచెవి ప్రతిమ చేతిలో పెట్టేశాడు.

"మీ తానే పెట్టుకోండి. నా దగ్గరుంటే రాత్రికి నేనే ఇప్పేస్తా. వాటి ఏడుపు నేను వినలేను."

మెట్లు లేచి గుంజుకున్నాయి. సున్నం రాలింది. అప్పటికే ప్రతిమ ఫొటో తీసేసింది. మొదటిసారి ఫొటో కుదిరింది, కానీ ఆమెకి సంతోషం కలగలేదు. ఆ వారమంతా ఆమె రాత్రిపూట పక్కమీద కూడా కాలు ఊపింది.

గురువారం కామేశ్వరరావు కొడుకు పుట్టినరోజు భోజనాలు. ప్రతిమ ఎప్పటిలాగే కూర్చోలేక ప్లేటు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. రెహానా పూరీలు వత్తుతోంది. రాయచోటి దగ్గరి పల్లె ఆమెది. సన్నగా, చురుగ్గా ఉంటుంది, చేయి ఆపకుండా మాట్లాడుతుంది.

"మేడం, మెట్లకి ఏమన్నా రిపేరా?" అంది ఉన్నట్టుండి. "నాలుగు దినాలాయ, రాలేదు."

ప్రతిమ ప్లేటు గట్టుమీద పెట్టేసింది. "నీ దగ్గరికి వచ్చేవా?"

"దినమ్మూ వచ్చేవి. వీళ్ళు తాళమేసి పోతానే కిటికీకాడ నిలబడేవి. దిగి, బేకరీకాడికి పోయి, ఒక రొట్టె తిని, మళ్ళా ఎక్కేదాన్ని. అంతే. ఎవురికీ చెప్పలా." నూనెలో పూరీ వేసింది. "ఈ శుక్రవారం దిగి ఎక్కను మేడం. పోతా ఉండా."

"ఎక్కడికి?"

"ఇంటికి. రెండేండ్లని చెప్పి నాలుగేండ్లాయ. సారు వద్దనడు. వద్దనకుండానే ఆపుతాడు. పిల్లోనికి పరీక్షలు కానీ అంటాడు, ఎండాకాలం పోనీ అంటాడు. పాసుపోర్టు నాకాడే ఉండాది. మా అన్న ఇమామ్ ఈడనే కారు డ్రైవరు, టికెట్టు తీసినాడు. వీళ్ళంతా రేపు మెసయీద్ సముద్రంకాడికి పోతారు. సాయంత్రం విమానం. ఆ తలుపొకటే లేదు నాకు."

"అంత తొందరేం వచ్చింది?" అంది ప్రతిమ. అడిగాక తనకే సిగ్గేసింది.

రెహానా చేయి మొదటిసారి ఆగింది. "మా శిఫా ముందంతా ఎప్పుడొస్తావమ్మా అని అడిగేది. ఇప్పుడు అడిగేది మానేసింది. అన్నం తిన్న్యావా అంటే తిన్న్యా అంటాది, ఫోను పెట్టేస్తాది. ఇంక కొన్నాళ్ళు పోతే నేనెవురో కూడా అడుగుతాది ఆ బిడ్డ."

హాల్లోంచి కామేశ్వరరావు గొంతు వినబడింది. "అమ్మా రెహానా, వేడివేడివి ఇంకో రెండు! ప్రతిమా, చూశావా, మా రెహానా మా ఇంటి మనిషే."

మెట్లని గొలుసేసి కట్టించింది నేనేనని ప్రతిమ చెప్పలేకపోయింది. హ్యాండ్‌బ్యాగులో తాళంచెవి రాయంత బరువైపోయింది.

శుక్రవారం పెందలాడే భోజనానికి కూర్చుంటే ఆమె కాలు ఎంత ఊగిందంటే మంచినీళ్ళ గ్లాసు దొర్లిపోయింది.

"ఏమైంది నీకు?" అన్నాడు జయంత్.

"ఒక తాళం తియ్యాలి. తీస్తే నా ఉద్యోగం పోవచ్చు."

జయంత్ ఆమె ముఖంలోకి చూశాడు. మూడేళ్ళు ఈ మనిషి కిటికీ దగ్గర నిలబడి ఉండటం చూసినవాడు. "తియ్యకపోతే?" అన్నాడు.

ప్రతిమ బ్యాగు తీసుకుంది.

జుమ్మా నమాజు వేళ. వీధంతా ఖాళీ. బేకరీ షట్టర్ దించి ఉంది. సందులో తెల్ల కారు పక్కన ఇమామ్ వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు. పైన వంటింటి కిటికీలో రెహానా, ఒళ్ళో సంచి. వస్తుందో రాదో తెలియని బస్సు కోసం కూర్చున్నదానిలా ఉంది.

"యల్లా మేడం, తొందరగా ఏమన్నా చెయ్యండి," అన్నాడు ఇమామ్, ఆమె ఎవరో కూడా తెలియకుండానే.

గొలుసు ఎండకి కాలిపోతోంది. ప్రతిమ చున్నీ చుట్టుకుని పట్టుకుని తాళం తీసింది. గొలుసు జారి పడింది. మెట్లు మాత్రం కదల్లేదు. తిమ్మిరెక్కిన కాలు మీద నిలబడ్డ మనిషిలా అక్కడే వంగి నిలుచున్నాయి.

"పోండి," అంది ప్రతిమ. ఏడుపొచ్చేసింది ఆమెకి. "తప్పు నాదే. పోండి, మీకోసం చూస్తోంది."

ఇనుము ఒకసారి ఒళ్ళు విరుచుకుంది. తర్వాత మెట్లు సాయిబాబు లుంగీతో సహా గోడ వెంబడి గబగబా నడిచి, మూల తిరిగి, మూడో అంతస్తు వంటింటి కిటికీ కింద ఆగాయి.

రెహానా ముందు సంచి పెట్టింది, తర్వాత కాలు పెట్టింది. దిగుతుంటే ఒక్క మెట్టూ కిర్రుమనలేదు. కింద నేలమీద అడుగుపెట్టి, ప్రతిమ చేతిలో తాళాన్ని, చెవిని, ఎర్రగా కాలిన వేళ్ళని చూసింది.

"మీరేనా కట్టింది?"

"నేనే."

రెహానా సంచి భుజానికెత్తుకుంది. "ఇప్పిందీ మీరే కదా. పోనీలే." కారు తలుపు తీస్తూ వెనక్కి తిరిగింది. "పప్పు చేసి మూత పెట్టినా. పెరుగు ఇంకా తోడుకోలేదని అమ్మగారికి చెప్పండి."

కారు సందు దాటేదాకా ప్రతిమ చూస్తూ నిలబడింది. కెమెరా బ్యాగులోనే ఉంది. తియ్యాలనిపించలేదు.

నమాజు నుంచి వచ్చిన ముజఫ్ఫర్ అలీ మెట్ల మీద చెయ్యి వేసి చూశాడు. "ఇంగ పోవు మేడమ్," అన్నాడు. "దేవులాడినోల్లు దొరికిన్రు." సాయిబాబు లుంగీ తీసి మడత పెట్టి భుజాన వేసుకుని టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాడు.

ఆదివారం కామేశ్వరరావు గడ్డం గీసుకోకుండా ఆఫీసుకొచ్చాడు. ఇన్‌స్పెక్షన్ సంగతి కూడా సగం మరిచిపోయాడు.

"తలుపు వేసినట్టే ఉందమ్మా, తాళం పెట్టినట్టే ఉంది. మొన్న సాయంత్రం ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేసింది, వెళ్తున్నా సారూ అని. ఇంటి మనిషిలా చూసుకున్నాం. ఎందుకెళ్ళిందో, ఎలా వెళ్ళిందో!"

ప్రతిమ పొద్దున తీసిన కొత్త ఫొటో ఆయన ముందు పెట్టింది. ఇనప మెట్లు, గోడలో పుట్టి గోడలో పెరిగినట్టు కుదురుగా ఉన్నాయి. ఒక్క గీత కూడా అలుక్కోలేదు.

"ఇదేంటి, ఇది మా వంటింటి కిటికీ కదా? డ్రాయింగులో బేకరీ వైపు..."

"డ్రాయింగు మార్చాలండి. ఇక ఇక్కడే ఉంటాయి. వాటి పని అయిపోయింది."

ఆయనకి అర్థం కాలేదు. ప్రతిమ బ్యాగులోంచి తాళంచెవి తీసి ఫొటో పక్కన పెట్టింది. కామేశ్వరరావు తాళంచెవిని చూశాడు, ఫొటోలో కిటికీని చూశాడు, మళ్ళీ చెవిని చూశాడు. మెత్తటి మనిషి ముఖం మెల్లగా ఎర్రబడింది. తర్వాత ఆ ఎరుపు కూడా పోయింది. మంటలొస్తే ఆ అమ్మాయి ఎటు దిగేదని తనని తాను అప్పుడే మొదటిసారి అడుగుతున్నట్టు కిటికీ మీదే వేలు పెట్టుకుని ఉండిపోయాడు.

ప్రతిమ కుర్చీ లాక్కుని, ఎవరూ కూర్చోమనకుండానే ఆయన ఎదురుగా కూర్చుంది. ఏమంటాడో అననీ అనుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాలు ఊపకుండా, ఆయన నోరు తెరిచేదాకా అలాగే కూర్చుంది.