చప్పట్లకు పంపిన పిల్లలు

దగ్గరికి జరగండర్రా. షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు గోడకు ఆనుకోండి, చదువుకునే పిల్లలు ముందుకు రండి. నా గొంతు అంత దూరం పోదు. ఇది మా వీధి బడి కథ. మేం ఎలా కొట్లాడామో చెబుతాను గానీ, ముందు మేం చేసిన నిర్వాకం వినండి.

ఆ పొద్దున బడి గేటుకు తాళం వేసి ఉంది. పిల్లలు సంచులు తగిలించుకుని రోడ్డు మీద నిలబడ్డారు. నా మనవరాలు తాళాన్ని లాగి చూసి, "నానమ్మా, మేమేం తప్పు చేశాం?" అంది.

గేటు దగ్గర కాపలా పెట్టిన జవాను నవ్వాడు. "బడిలో పిల్లలే లేరంట కదా! లేని పిల్లలకి బడెందుకని మూసేశారు."

"లేకపోవడమేంట్రా? మరి వీళ్ళంతా నీ కళ్ళకి మేకల్లా ఉన్నారా?"

"నన్ను తిడితే ఏం లాభం, పెద్దమ్మా? పైనుంచి సారు తనిఖీకి వచ్చిన రోజు ఒక్క పిల్ల కూడా లేదు."

ఆ మాటతో పక్కనున్న మా పెద్దకొడుకు తల దించేసుకున్నాడు. వాడు టైల్స్ మేస్త్రీ. ఎందుకు దించుకున్నాడో చెబుతాను.

కప్పు కారుతోంది, టీచర్లు చాలరు అని ఎన్నేళ్ళు మొత్తుకున్నా బడికి నిధుల్లేవనేవారు. కూడలిలో రంగుదీపాల ఫౌంటెన్‌కు మాత్రం ఉన్నాయి. దాన్ని కట్టింది మా వీధివాళ్ళే. టైల్స్ పరిచింది మా వాడే. ప్రారంభోత్సవానికి జనం నిండుగా కనబడాలని కౌన్సిలర్ అడిగితే, ఇల్లిల్లూ తిరిగి పిల్లల చేత బడి మాన్పించి తీసుకెళ్ళిందీ వాడే. పిల్లలు జెండాలూపారు, చప్పట్లు కొట్టారు, మిఠాయి పొట్లాలు తెచ్చుకున్నారు. మేమూ పోయి, నీళ్ళు రంగులు మారుతుంటే నోళ్ళు తెరుచుకుని చూశాం. అదే వేళకు ఆ సారు ఖాళీ బెంచీలు చూసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం మా ఇంటి ముందు అందరం చేరాం. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేకపోయారు.

"కౌన్సిలర్‌ని బతిమాలుకుందాం. మన మనిషే కదా" అన్నాడు ఇస్త్రీ బండివాడు.

బడి ఊడ్చే ఆయమ్మ లేచింది. "మన మనిషే! మన పిల్లల చేతే మన బడికి పాడె కట్టించాడు. ఆ రోజు టీచరమ్మ గేటు దగ్గర నిలబడి, ఇవాళ తనిఖీ ఉంది, పంపకండమ్మా అని చేతులు జోడించలేదా? మీరంతా నవ్వుకుంటూ పోలేదా?"

మా వాడు లేచి, "పోగేసింది నేను. నన్ను తిట్టండి" అన్నాడు.

"నిన్ను తిడితే తాళం ఊడుతుందా? కూర్చో!" అంది ఆయమ్మ.

అప్పుడు ఆటో నడిపే కుర్రాడు అన్నాడు: "మన పిల్లలు బడిలో లేరు, ఫౌంటెన్ దగ్గరున్నారు. అంతే కదా వాళ్ళనేది? అయితే అక్కడే ఉంచుదాం. బడి తెరిచేదాకా లేపొద్దు."

మర్నాడు ఫౌంటెన్ చుట్టూ తరగతులు కూర్చున్నాయి. టీచరమ్మ టైల్స్ మీదే సుద్దముక్కతో లెక్కలు వేసింది.

"నీ ఉద్యోగం పోతుందేమో, తల్లీ" అన్నాను.

"బడే పోయాక ఇంకెక్కడి ఉద్యోగం, అమ్మా?"

మిల్లు నుంచి షిఫ్టు దిగినవాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు. కౌన్సిలర్ మనుషులు ఫౌంటెన్ నీళ్ళు వదిలారు. పిల్లలు తడిసి ముద్దయ్యారు. నా మనవరాలు పలక తుడుచుకుంటూ, "బడిలోనూ తడిసేవాళ్ళమేగా!" అంది. నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

పోలీసులు దిగారు. "పిల్లల్ని ఇక్కడికి తెచ్చిందెవడు?"

మా వాడు ముందుకొచ్చాడు. "నేనే సార్. మొన్నా నేనే తెచ్చాను. మొన్న మిఠాయి పెట్టారు, ఇవాళ లాఠీలెందుకు?"

చొక్కా పట్టుకుని వ్యాన్‌లోకి తోశారు. ఆడవాళ్ళమంతా వ్యాన్‌కు అడ్డం కూర్చున్నాం. మా వాడు ఊచల్లోంచి ఆయమ్మను పిలిచాడు. "అక్కా, ఇప్పటికైనా క్షమించావా?"

"ఇంకా లేదురా. బడి తెరుచుకున్నాక చూద్దాం."

మమ్మల్ని ఈడ్చి పారేసి వాణ్ణి తీసుకుపోయారు. ఇంకా వదల్లేదు. తాళమూ తీయలేదు. కానీ మర్నాడు పక్కపేట పిల్లలు కూడా సంచులతో వచ్చి కూర్చున్నారు. మూసేసే బడుల్లో తర్వాతది వాళ్ళదేనట.

ఇది గుర్తు పెట్టుకోండి. మీ మిల్లుల్లో చెప్పండి, మీ కాలేజీల్లో చెప్పండి. వ్యాన్ దగ్గర మొదలుపెట్టి మా వాణ్ణి వీరుణ్ణి చేయకండి, వాడికి అది నచ్చదు. మేం నవ్వుకుంటూ టీచరమ్మను దాటిపోయిన చోటి నుంచి చెప్పండి. అది దాచి చెబితే, రేపు ఇంకో వీధివాళ్ళు కూడా అలాగే నవ్వుకుంటూ పోతారు.