డిస్కుకు పెట్టిన బొట్టు

అమ్మా నేనూ ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్నాం. వాకిట్లో ఎండ ముదిరిందని చాటలు తీసుకుని ముందుగదిలోకి వచ్చి కూర్చున్నాం. అదే గదిలో కిటికీ పక్కన వదిన కంప్యూటర్ డబ్బాను బల్ల మీద పక్కకు పడుకోబెట్టి, దాని రేకు మూత విప్పుతోంది. మిరప ఘాటుకు తుమ్మింది. ఓ స్క్రూ జారి నా వైపు దొర్లింది.

"ముట్టకు దీపా! ఆ కారం చేతుల్తో ముట్టకు. నేనే తీసుకుంటాను."

"ఇగో, మిరపకాయలు ఈ గదిల పోసి నీ మిషన్‌ను పాడు చేస్తున్నమని రేపు నామీదికే వస్తది," అంది అమ్మ నాతో, వదినకు వినపడేలా.

"మీరే వచ్చి కూచున్నారు కదత్తా. నేనేటన్నాను?"

"ఏటన్నావా? మా ఇంటికొచ్చి ఇన్నేండ్లాయె, నీ 'ఏటి' మాత్రం పోలే."

వదిన పేరు కృష్ణకుమారి. ఇనుప గనుల ఊరు బచేలిలో పుట్టి పెరిగింది. వాళ్ళ నాన్న విజయనగరం దిక్కు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఆమె మా అన్న ఉపేంద్రను పెళ్ళి చేసుకుని తర్లగూడకు వచ్చాక మా ముందుగది స్టూడియో అయింది. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి పెళ్ళయినా వీడియో తీసేది ఆమే. పెళ్ళివారికి ఇవ్వాల్సింది ఇచ్చాక మిగతాదంతా చెరిపేయడం వేరే స్టూడియోల పద్ధతి. వదిన చెరపదు. అల్లరి చేసే పిల్లలు, విస్తర్లు మోసేవాళ్ళు, కత్తిరించి పక్కన పెట్టిన ముక్కలన్నీ పాత హార్డ్ డిస్కుల్లో దాచి, అలమరలో గుడ్డ పరిచి పెడుతుంది. "పెళ్ళికొచ్చిన వాళ్ళంతా పెళ్ళిలో ఉన్నట్టే కదా" అంటుంది.

ఆ రోజు ఆమె మూత విప్పింది సమ్మక్క పెద్దమ్మ కోసం.

పెద్దమ్మ మా వెనకింట్లో ఉంటుంది. ఆమె భర్త భూషణం పెద్దబాపు పోయిన వానాకాలంలో జ్వరంతో చనిపోయాడు. ఊళ్ళో ఏ పెళ్ళయినా అన్నం గుండిగల దగ్గర ఆయనే ఉండేవాడు. పందిట్లో కూర్చుని ఫొటో దిగిన మనిషి కాదు. మొన్న పెద్దమ్మ వచ్చి వదిన ముందు కూర్చుని చెప్పింది.

"మొఖం ఆధార్ కార్డుల ఉన్నది బిడ్డా. గొంతే పోతాంది. మొదట్ల అనుకుంటే చెవుల వినపడేది. ఇప్పుడు ఆయన గొంతు అనుకుంటే మా మరిది గొంతు వస్తాంది. దుర్గేశ్ పెండ్లిల వంటకాడ ఏదో మాట్లాడిండు. నువ్వు కెమెరా పట్టుకుని నిలబడ్డవు. నాకు యాదికున్నది."

దుర్గేశ్ పెళ్ళివారికి ఇచ్చిన వీడియోలో వంటమనిషి లేడు. ఉంటే అలమరలోని పాత డిస్కులోనే ఉండాలి. ఆ డిస్కుకు వయసు మీద పడింది, తిరిగినా ఎన్నిసార్లు తిరుగుతుందో తెలియదు, అందుకని చూసేముందే దాన్నంతా కొత్త డిస్కులోకి ఎక్కించాలని వదిన అంది. అంటే పాతదీ కొత్తదీ రెండూ ఒకేసారి లోపల ఉండాలి. వాటికి కరెంటు ఇవ్వడానికి ఒక్క తీగ కూడా ఖాళీ లేదు. సీడీలు ఆడించే పెట్టె తీగను పీకేస్తే ఒకటి దొరికింది. ఆ ఒక్కదాన్ని రెండు చేసే స్ప్లిటర్ కేబుల్ తెమ్మని, బండిలో లోడు వేసుకుని వరంగల్ వెళ్ళే అన్నకు చెప్పింది. అన్న రెండు రకాలు తెచ్చాడు.

వదిన ఆ రెండింటినీ కిటికీ వెలుతురులో పట్టుకుని చూసింది. ఒకదాని మూతి, అంటే డిస్కుకు గుచ్చే చివర, నల్లగా, నున్నగా, పోతపోసిన ముద్దలా ఉంది. రెండోదానికి వెనక చిన్న మూత ఉంది. అది తీస్తే ఒక్కో తీగ ఒక్కో గాడిలో నొక్కి ఉండటం కనపడింది. ఒక్కో తీగనూ మెల్లగా లాగి చూసింది. ఏదీ కదల్లేదు.

"ఆ నున్నటిదే మంచిగున్నది కదా? రేటు సుత ఎక్కువనే," అన్నాడు అన్న, గుమ్మంలో నిలబడి టీ తాగుతూ.

"అందులో తీగలు ఎలా ఉన్నాయో కనపడదు. లోపల వేడెక్కి ఒకదానికొకటి అంటుకుంటే పొగ వచ్చాకే తెలుస్తాది. ఇది అయితే చూసుకోవచ్చు."

"ఇంకో స్ప్లిటర్ గుచ్చి అలమరల ఉన్నయన్నీ ఒకేపారి పెట్టు మరి. జల్దీ అయిపోతది."

"మూతులు పెరిగితే కరెంటు పెరగదు కదండీ. ఆ ఒక్క తీగలో వచ్చేదే అందరికీ పంచాలి. డిస్కు తిరగడం మొదలెట్టేటప్పుడు ఎక్కువ లాగుతాది. బోరు మోటారు వేస్తే మన లైటు ఎలా మసకబారిపోతాదో చూళ్ళేదా?"

అన్న టీ గ్లాసు కిందపెట్టి డబ్బాలోకి తొంగి చూశాడు. మళ్ళీ సలహా ఇవ్వలేదు.

ఇంతలో పెద్దమ్మ వచ్చింది. అయిందా అని అడగలేదు. నా పక్కన కూర్చుని, అమ్మ చాటలోంచి గుప్పెడు కాయలు ముందుకు లాక్కుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది. ఆమె చేతులు చకచకా నడుస్తున్నాయి గాని కళ్ళు వదిన వేళ్ళ మీదే ఉన్నాయి.

వదిన స్ప్లిటర్ గుచ్చి, రెండు డిస్కులూ తగిలించి, స్విచ్చి వేసింది. రెండింటి మీదా చెరొక చెయ్యి ఆనించింది, జ్వరం చూసినట్టు. కొత్తది సన్నగా గుర్రుమంది. పాతదాని మీద చెయ్యి అలాగే ఉంచి చాలాసేపు చూసింది. అది కదల్లేదు.

"ఖరాబైంది," అన్నాడు అన్న. "పాతయి అంతే."

పెద్దమ్మ చేతిలో మిరపకాయ ఆగిపోయింది.

"సచ్చిందా?" అడిగింది అమ్మ. అడిగాక పెద్దమ్మ వైపు చూసి నాలుక కరుచుకుంది.

వదిన స్విచ్చి ఆపింది, ప్లగ్గు పీకింది. తర్వాత మూతులు మార్చింది, పాతదానిది కొత్తదానికి, కొత్తదానిది పాతదానికి. మళ్ళీ వేసింది. ఈసారి కూడా కొత్తదే తిరిగింది.

"కేబుల్ తప్పు కాదు. రెండు మూతులకీ కరెంటు వస్తోంది," అంది తనలో తాను అనుకున్నట్టు.

నేనైతే అక్కడితో వదిలేసేదాన్ని. వదిన పాత డిస్కును బయటికి తీసి, ఫోను లైటు వేసి, తీగ గుచ్చే గాడిని కంటికి దగ్గరగా పట్టుకుంది. బంగారు రంగు గీతల మీద ఏదో ఎండి పొరకట్టి ఉంది. గోటి చివరతో ముట్టుకుని చూసింది.

"ఏటత్తా ఇది?"

అమ్మ మెడ చాచింది. "పసుపు లెక్క ఉన్నది."

అమ్మకు అప్పుడు గుర్తొచ్చింది.

"దసరాకు నేనే పెట్టిన," అంది గొంతు తగ్గించి. "నాగలికి పెట్టిన, కొడవలికి పెట్టిన, మిక్సీకి పెట్టిన. నీ కెమెరాకు పెట్టి వీటికి పెట్టకుంటే ఎట్ల? అన్నీ నల్లగ ఒక్కతీరుగ ఉండె. మొఖం ఎటున్నదో నాకేం ఎరుక? గీతలు మెరుస్తున్న దిక్కే మొఖమనుకున్న."

అన్న పగలబడి నవ్వాడు. "కొంచెం కొబ్బరినీళ్ళు సుత పోయకపోయినవ్!"

"నువ్వు నోర్మూయ్ రా."

అమ్మ ముఖం చిన్నబోయింది. పక్కనే పెద్దమ్మ ఉంది మరి. వదిన మాత్రం నవ్వలేదు, విసుక్కోలేదు.

"అటే మొహం అత్తా. సరిగ్గా మొహానికే పెట్టారు. కాస్త మందంగా పెట్టారు, అంతే."

కెమెరా తుడిచే మెత్తటి బ్రష్షు తీసి పసుపును పొడిపొడిగా రాల్చింది. గీతల సందుల్లో మిగిలినదాన్ని, అద్దం తుడిచే మందులో ముంచిన దూది పుల్లతో ఒక్కొక్క గీతే తుడిచింది. పుల్ల పసుపుపచ్చగా అయినప్పుడల్లా కొత్తది తీసుకుంది. పొద్దున్నుంచి అదే నెమ్మది. డిస్కు బాగున్నప్పుడూ బాగలేనప్పుడూ ఆమె చేతులు ఒకేలా ఉండటం నేను చూస్తూనే ఉన్నాను.

తడి ఆరాలి అని వదిన అనగానే, తప్పు దిద్దుకుందామని కాబోలు, అమ్మ మిరపకాయల చాటను ఖాళీ చేసి దానితో విసరబోయింది. ముగ్గురం ఒక్కసారే అరిచాం. ఆ అరుపుకు పెద్దమ్మ కూడా నవ్వింది.

తర్వాత వదిన స్విచ్చి వేసి పాత డిస్కు మీద చెయ్యి ఆనించింది. ఈసారి ఆమె ముఖం చూస్తేనే మాకు తెలిసిపోయింది. రెండు డిస్కులూ కలిసి తిరుగుతుంటే తేనెతుట్టె దగ్గర విన్నట్టు ఉంది. ఆమె ఒకటికి రెండుసార్లు స్ప్లిటర్ మూతిని వేళ్ళతో పట్టుకుని వేడెక్కిందేమో చూసింది. ఎక్కలేదు. పాతదంతా కొత్తదానిలోకి ఎక్కేసరికి మా మిరపకాయలు అయిపోవచ్చాయి.

దుర్గేశ్ పెళ్ళి తెర మీదికి వచ్చింది. పందిరి, డప్పులు, ఏడుస్తున్న పసిపిల్ల. వదిన ముందుకు జరుపుతూ పోయి ఒకచోట ఆపింది. పొగలో పెద్ద గుండిగ. తలకు తువ్వాలు చుట్టుకుని పెద్దబాపు తెడ్డుతో అన్నం కదుపుతున్నాడు. కెమెరా చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నన్నేంది తీస్తవ్ బిడ్డా? పో, పో, పెండ్లిపిలగాణ్ణి తీయ్!"

బొంగురు గొంతు. మాట చివర కొంచెం సాగుతుంది. విన్నాక నాకూ గుర్తొచ్చింది. తర్వాత ఆయన గుండిగలోంచి రెండు మెతుకులు నోట్లో వేసుకుని, ఇంటి వైపు తిరిగి కేకేశాడు.

"ఓ సమ్మీ! ఉప్పు యాడ పెట్టినవే?"

ఊరంతా సమ్మక్క అనే మనిషిని సమ్మీ అని పిలవడం నేను వినడం అదే మొదటిసారి. పెద్దమ్మ నేల మీద చెయ్యి ఆనించి సగం లేచింది. లేచాక ఎందుకు లేచిందో తెలిసినట్టు మళ్ళీ కూర్చుంది.

"ఇంకొక్కపారి పెట్టు బిడ్డా."

వదిన మళ్ళీ పెట్టింది. పెద్దమ్మ కళ్ళు మూసుకుని వింది. కళ్ళ నుంచి నీళ్ళు గడ్డం దాకా జారుతున్నా తుడుచుకోలేదు, చేతుల నిండా కారం. అమ్మ చేతులూ నా చేతులూ అంతే. వదిన కుర్చీలోంచి దిగి, ఆమె ముందు గొంతుక్కూర్చుని, తన చున్నీ అంచుతో మెల్లగా తుడిచింది. లోపల డిస్కు ఇంకా తిరుగుతూనే ఉంది. పెద్దబాపు మూడోసారి ఉప్పు అడిగాడు.

పెద్దమ్మ లేచి నిలబడింది. ఒడిలోని తొడిమలు చాటలో దులిపింది. టీ తాగి పొమ్మని అమ్మ అంటున్నా వినిపించుకోలేదు. కారం అంటకుండా వదిన తల మీద మోచేయి ఒక్క క్షణం ఆనించి, గడప దాటి, చెప్పులు తొడుక్కుని ఇంటి వైపు నడిచింది.