రెక్క చివరి మచ్చ

ఆ పరిశోధన సంస్థలో అన్ని విభాగాలకూ కలిపి ఒకటే వర్క్‌షాప్. అందులో లేత్ యంత్రం మీద ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నావిడను చిన్నా పెద్దా అందరూ లేత్ అక్క అనేవారు. ఇనుమైనా ఇత్తడైనా ఆవిడ చేతిలో పడితే చెప్పిన మాట వినేది. జంతుశాస్త్రం వాళ్లకు కప్పల తొట్లు, భౌతికశాస్త్రం వాళ్లకు గాలి చొరని డబ్బాలు, ఖగోళశాస్త్రం వాళ్లకు అద్దాల బిగింపులు, అన్నీ ఆవిడే చేసేది. పెళ్లి చేసుకోలేదు. అమ్మానాన్నలు పోయాక తొమ్మిదేళ్ల చెల్లెల్ని పెంచి పెద్దచేసేసరికి ఆ వయసు దాటిపోయింది. ఆ చెల్లెలు అదే సంస్థ ఆఫీసులో గుమస్తాగా చేరింది. భౌతికశాస్త్రంలో పరిశోధన చేసే అతన్ని ఇష్టపడి చేసుకుంది. మరిది "వదినా, వదినా" అంటూ ఇంట్లో ఒకడిగా కలిసిపోయాడు.

ఒక వేసవిలో జంతుశాస్త్రం ప్రొఫెసర్ గాలి గొట్టం ఒకటి కావాలని వచ్చాడు. ఆయన్ని అందరూ తూనీగల మాస్టారు అంటారు. గొట్టం చేసిచ్చి, ఎందుకో చూద్దామని అక్క అక్కడే నిలబడింది. ఆయన ఎండిన తూనీగ రెక్కను లోపల బిగించి ఫ్యాను వేశాడు. రెక్క నిలకడగా ఉంది. తర్వాత రెక్క చివర, ముందు అంచున ఉన్న చిన్న నల్ల మచ్చను కత్తిరించి మళ్లీ వేశాడు. రెక్క గజగజ వణికిపోయింది.

"ఆ మచ్చ అందానికి కాదక్కా, బరువుకి," అన్నాడు. వయసులో పెద్దవాడైనా ఆయనా అక్కా అనే పిలిచేవాడు.

ఆ వారంలోనే ఖగోళశాస్త్రం నుంచి చుక్కల మేడం వచ్చింది.

"అక్కా, గాలి వీస్తే చాలు, దూరదర్శిని గుమ్మటానికున్న గాలి కిటికీల పలకలు దడదడ కొట్టుకుంటున్నాయి. దూరదర్శిని అదిరిపోతోంది. ఫొటోల్లో చుక్కలన్నీ తోకకప్పల్లా వస్తున్నాయి."

"అయితే అవి మాస్టారికిచ్చేయండి, సంబరపడతారు," అని నవ్వించి పంపింది అక్క. అంతకుముందు ఇద్దరు ఇంజినీర్లు ఆ పలకలకు బోల్టులు పెంచి చూశారు, అదురు పెరిగిందే కానీ తగ్గలేదు. అక్కకు తూనీగ మచ్చ గుర్తొచ్చింది. ఒక పలక విప్పి తెచ్చి, ముందు అంచున చివరి వైపు సీసం ముక్క బిగించి, పెద్ద ఫ్యాను ముందు పెట్టింది. బరువెక్కువైతే పలక వాలిపోయింది. లోపలికి జరిపితే ఫలితం లేకపోయింది. పదకొండు సార్లు మార్చింది. మార్చిన ప్రతిసారీ నోటు పుస్తకంలో బొమ్మ గీసి కొలతలు రాసుకుంది. పన్నెండోసారి పలక కదలలేదు.

అది పనిచేస్తోందని తెలుసు కానీ ఎందుకు చేస్తోందో లెక్క కట్టడం ఆవిడకు రాదు. ఆదివారం చెల్లెలింట్లో మరిదికి పుస్తకం చూపించింది. అతను పేజీలు తిప్పుతూ లేచి నిలబడ్డాడు.

"వదినా, ఇది మామూలు విషయం కాదు! లెక్క నేను కడతాను. మాస్టారు, మేడంతో కలిపి మనందరి పేర్ల మీదా అచ్చు వేయిద్దాం."

"నా పేరెందుకులే" అంటూనే అక్క మొహం విప్పారింది. చెల్లెలు పక్కనే కూర్చుని బట్టలు మడతపెడుతోంది. అక్క పుస్తకం మరిది దగ్గరే వదిలి వచ్చింది.

పలకలన్నిటికీ సీసం బిగించాక, మర్నాడు పొద్దున్నే మేడం ఫొటో పట్టుకుని వర్క్‌షాప్‌కి పరుగెత్తుకొచ్చింది. చుక్కలు సూదితో పొడిచినట్టున్నాయి. అక్క ఆ ఫొటోను యంత్రం పక్కన గోడకు అంటించుకుంది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒకరోజు మేడం ఒక సైన్సు పత్రిక తెచ్చి బల్లమీద పరిచింది.

"మన పలకలకు పేరొచ్చిందక్కా! ఇంకో వేధశాల వాళ్లు నలభై అడుగుతున్నారు. ఈ బొమ్మ ప్రకారం చేసిపెట్టాలి."

బొమ్మ అక్కదే. మరలు రెండు గీతలతో చూపించే అలవాటు ఆ సంస్థలో ఇంకెవరికీ లేదు. వ్యాసం పైన పేర్లు చూసింది. మరిది, మాస్టారు, మేడం. మళ్లీ మొదటి నుంచి వేలు పెట్టి చదివింది.

"నా పేరేది మేడం?"

మేడం తెల్లబోయింది. "అదేంటక్కా, మీరే వద్దన్నారుగా? ఆఫీసు ద్వారా ఉత్తరం కూడా రాసి పంపారు. మాస్టారూ నేనూ ఎంత బాధపడ్డామో! మళ్లీ అడిగితే నొచ్చుకుంటారని ఊరుకున్నాం."

గదికి తీసుకెళ్లి ఫైల్లోంచి కాగితం తీసి చూపించింది. ఈ పనిలో నాకు భాగం లేదు, చెప్పిన పని చేశానంతే, నా పేరు వేయవద్దు అని టైపు చేసి ఉంది. కింద అక్క సంతకం. చివర తోక, దాని కింద రెండు చుక్కలు, అచ్చం తనదే.

ఆ సంతకం తను చేయలేదు. చేయగలిగినవాళ్లు లోకంలో ఒక్కరే. బళ్లో మార్కులు తగ్గినప్పుడల్లా అక్క సంతకం తనే పెట్టుకుపోయిన చెల్లెలు. దొరికిపోయిన రోజున ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వుకున్నారు. అక్క కాగితాన్ని మేడంకి తిరిగిచ్చేసింది.

"నన్నొక్క రోజు ఆలోచించుకోనివ్వండి," అని మాత్రం అంది.

సాయంత్రం ఆఫీసు వదిలాక చెల్లెలింటికి వెళ్లింది. మరిది తలుపు తీసి, ఆవిడ మొహం చూసి పక్కకు తప్పుకున్నాడు. వంటింట్లో చెల్లెలు గిన్నెలు కడుగుతోంది.

"ఆ ఉత్తరం నువ్వే రాశావా?"

చెల్లెలు కొళాయి కట్టేసింది. "ఆయన ప్రమోషన్ ఈ వ్యాసం మీదే ఉంది అక్కా. వర్క్‌షాప్ మనిషి కనిపెట్టిందంటే, ఈయన లెక్కలు కట్టి పెట్టాడంతే అంటారు."

"నన్నడగొచ్చుగా?"

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"ఏమో. అడిగుంటే ఒప్పుకునేదాన్నేమో."

మరిది గుమ్మంలోంచి, "వదినా, నాకూ మొదట తెలీదు, తెలిశాక..." అని నసిగాడు. అక్క అతని వైపు చూడనైనా చూడలేదు.

చెల్లెలికి రోషం వచ్చింది. "అయినా నువ్వు ఒంటిదానివి. నీకెందుకు పేరు? ఎవరికి చూపించుకుంటావు?"

ఇన్నేళ్లలో ఎవరెవరో అన్న మాటలు అక్క దులిపేసుకుంది. ఆ మాట మాత్రం దులుపుకోలేకపోయింది. "నా పుస్తకం ఇవ్వు," అంది మరిదితో. మరిది లోపలికెళ్లి తెచ్చిచ్చాడు. దాన్ని చంకలో పెట్టుకుని నడిచి ఇల్లు చేరింది. ఆ రాత్రి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

మర్నాడు మేడం ముందు పుస్తకం పెట్టింది. "ఆ ఉత్తరం నేను రాయలేదు. నా పేరు నాకు కావాలి."

"మరి ఎవరు రాశారు?"

"అది నేను చెప్పను. మీరూ అడక్కండి."

మేడం ఉత్తరాన్ని ఫైల్లోంచి తీసి అక్క చేతిలోనే పెట్టింది. ఆ సాయంత్రమే మాస్టారితో కలిసి అక్క పేరు చేర్చమని పత్రికకు రాసింది. మరిదికీ సంతకం పెట్టక తప్పలేదు. ఎందుకు పెట్టాల్సి వచ్చిందో సంస్థలో తలా ఒక రకంగా చెప్పుకున్నారు. అతని ప్రమోషన్ ఆ ఏడు రాలేదు. చెల్లెలు వర్క్‌షాప్ ఉన్న వరండా మానేసి చుట్టు తిరిగి వెళ్లడం మొదలుపెట్టింది. ఆఫీసు కాగితాలు ఇంకొకరితో పంపేది. నలభై పలకలూ పూర్తయి పెట్టెల్లో వెళ్లిపోయినా ఒక్కసారి కూడా ఇటు తొంగిచూడలేదు.

నాలుగు నెలలకు సవరణ అచ్చయింది. మూడంటే మూడు వాక్యాలు. మాస్టారు పత్రికను రెండు చేతులతో పట్టుకొచ్చి, "మొదటి పేరు నీదే అక్కా!" అన్నాడు. వర్క్‌షాప్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. అక్క నవ్వింది, అందరికీ టీ తెప్పించింది.

వాళ్లు వెళ్లాక గోడ ఫోను తీసి, ఏ మంచి కబురైనా మొదట చెప్పే నంబరు అలవాటుగా నొక్కింది. అవతల చెల్లెలు "హలో" అంది. అక్క పలకలేదు. చెల్లెలికి అర్థమైనట్టుంది, పెట్టేయలేదు. ఇద్దరూ అలాగే కాసేపు ఒకరి ఊపిరి ఒకరు విన్నారు. ముందు అక్కే ఫోను పెట్టేసింది.