నూటపది ఓల్టుల మిషన్

"మిషన్ మీద చాదర్ మంచిగ కప్పు బాలమణీ, దుమ్ము పడ్తది" అని మా అత్త చంద్రభాగ రోజూ పొద్దున్నే గుర్తుచేసేది. నేను కప్పేదాన్ని. కాలిపోయిన మిషన్ మీద దుమ్ము పడితే కొత్తగా ఏం చెడిపోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మా మగ్గం మీద నేసిన గులాబీ పూల చాదర్ కప్పుకుని అది ముందరి గదిలో పెళ్లికూతురిలా కూర్చునేది. నెత్తిన ఒక ప్లాస్టిక్ పూల కుండీ కూడా. ఇంటికి ఎవరు వచ్చినా అత్త చాదర్ ఒక మూల ఎత్తి చూపించేది. "సౌదీది. బట్టలుతికే మిషన్. మా కోడలు తెచ్చింది" అని గొప్పగా చెప్పి, వెంటనే గొంతు తగ్గించి, "తెచ్చింది, తనే కాల్చుకుంది" అనేది. ఆ మాట నాకు వినపడాలనే గొంతు తగ్గించేది. అప్పుడు నేను వెనకవైపు నీళ్ల తొట్టి దగ్గర కూర్చుని అయిదుగురి బట్టలు చేత్తో ఉతుకుతూ ఉండేదాన్ని.

ఎనభై ఐదులో మా ఆయన అంబాదాస్ పనిచేసే మిల్లు మూతపడింది. అక్కడ ఆయన జాబర్, మగ్గాలు చెడితే బాగుచేసే మనిషి. అంత పనిమంతుడు ఇంకొకరి కార్ఖానాలో కూలికి మగ్గం నడపనన్నాడు. "నా ఇజ్జత్ ఏం కావాలె?" అన్నాడు. పదకొండు నెలలు ఇజ్జత్‌ను కాపాడుకుంటూ మంచం మీద కూర్చున్నాడు. బొంబాయి ఏజెంటు ఒకడు షోలాపూర్‌లో మేముండే దాజీ పేటకు వచ్చి, సౌదీలో ఇంటిపనికి ఆడవాళ్లు కావాలని చెప్పాడు. పేటంతా ఆ మాట విని నవ్వుకుని ఊరుకుంది. మా ఇంట్లో మాత్రం అత్త, "బాలమణి పోతది" అంది. నన్నెవరూ అడగలేదు. పాస్‌పోర్టు మీద సంతకం మాత్రం నాతోనే పెట్టించారు, అది వేరేవాళ్లు పెట్టడానికి వీల్లేదట. మా బిడ్డ సరోజకు అప్పుడు పదకొండేళ్లు.

రియాద్‌లో మూడేళ్లు ఉన్నాను. ఏడవలేదని చెప్పను, చాలా ఏడ్చాను. కానీ ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ఆ ఇంట్లో మిషన్లన్నీ నా చేతి కింద నడిచాయి. బట్టల మిషన్, ఇస్త్రీ, మిక్సీ, తివాచీల దుమ్ము పీల్చేది, అన్నీ. వెళ్లిన మొదటిరోజే మేడమ్ నా చెయ్యి పట్టుకుని వంటింట్లో రెండు రకాల ప్లగ్గులు చూపించింది. ఒకటి నూటపది ఓల్టులది, చిన్న మిషన్లకు. ఇంకోటి రెండువందల ఇరవై, ఏసీకి. దాని మీద ఎర్ర కాగితం అంటించి, "లా, లా" అని, వద్దు వద్దన్నట్టు వేలు ఊపింది. నాకంటే ముందు పనిచేసిన శ్రీలంక పిల్ల ఇస్త్రీపెట్టెను ఎర్ర కాగితం దాంట్లో పెట్టిందట, ఇల్లంతా పొగ. ఏడో తరగతి దాకా మరాఠీలో చదువుకున్న నాకు అంకెలు చదవడం వచ్చు. మూడేళ్లలో ఒక్క మిషన్ కూడా నా చేతిలో చెడిపోలేదు. పనిమనిషినైనా అన్నీ నా చేతికే ఇచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు చిన్న బట్టల మిషన్ ఒకటి కొన్నాను. బంగారం తేలేదని అత్త మూతి ముడిచింది. నేను పంపిన డబ్బుతో మా ఆయన ఇంటి వెనక షెడ్డు వేసి అప్పటికే నాలుగు కరెంటు మగ్గాలు పెట్టుకున్నాడు, బోర్డు మీద తన పేరు రాయించుకున్నాడు. నాకు అదేమీ బాధ అనిపించలేదు. నాకు కావలసింది ఒక్కటే. రోజంతా మగ్గాలకు కండెలు చుట్టి, రొట్టెలు కాల్చి, ఆ నూనె మరకల అంగీలు నా చేతులతో బాదే పని తప్పాలి. ఇంకొకరి ఇంట్లో మీట తిప్పితే అయిపోయిన పని నా ఇంట్లో నా నడుము విరిచేదాకా ఎందుకు ఉండాలి? విమానంలో కూర్చుని నేను ఆలోచించింది ఇదే.

మిషన్ పెట్టె విప్పిన రోజు వాడకట్టంతా వచ్చింది. నేను మిషన్ వెనకాల అంటించి ఉన్న కాగితం చూపించి, "ఇది నూటపదిది. మన కరెంటు రెండువందల ముప్పై. నడుమ ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా పెట్టాలె, లేకుంటే కాలుతది" అన్నాను.

మా ఆయన నవ్వాడు. పదిమంది ఉన్నప్పుడు ఆయన నవ్వే నవ్వు వేరే. "అరే, నాకు చెప్తవా? ఇరవై ఏండ్లు మిల్లుల మోటార్ల నడుమ ఉన్న. మన గల్లీల కరెంటు ఎక్కడిదే? పొద్దంత అందరి లూములు గుంజుతయి. అగో, బల్బు చూడు, దేవుని దగ్గర దీపం లెక్క ఉన్నది. ఆడ నూటపది, మన దగ్గర గూడ వచ్చేది నూటపదే. సగం కరెంటుకు డబ్బా ఎందుకు?"

అందరూ తలలు ఊపారు. మా పేటలో బల్బు కాంతిని బట్టే కరెంటు లెక్క కడతారు, మగ్గాలు నడిచేటప్పుడు అది మిణుకుమంటుంది, అది నిజమే. నేను మళ్లీ ఒకసారి "వద్దయ్యా" అన్నాను. "నువ్వు జరగవే" అన్నాడు. మా మరిది రెండు టవల్‌లు తెచ్చి లోపల వేశాడు. మా ఆయన సౌదీ ప్లగ్గు కోసేసి, వైర్లు మన గోడ ప్లగ్గులో పెట్టి, ఊడకుండా అగ్గిపుల్లలు గుచ్చి, స్విచ్ వేశాడు. మిషన్ తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఉండాల్సినదానికంటే జోరుగా తిరుగుతోందని నా ఒక్కదానికే తెలుసు. ఎందుకంటే ఆ చప్పుడు మూడేళ్లు విన్నది నేనొక్కదాన్నే. వేడి వాసన కూడా ముందు నాకే తగిలింది. "బంద్ చెయ్యి" అన్నాను. "నడవనియ్యి" అన్నాడు.

పన్నెండున్నరకు జేవణ్ సుట్టీ, అంటే భోజనాల విరామం అయింది. గల్లీలో మగ్గాలన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. అవి గుంజే కరెంటంతా మిగిలి మా ఇంట్లో బల్బు తెల్లగా వెలిగింది. మిషన్ ఒక్క అరుపు అరిచి పొగ వదిలింది. అంతే, మూడేళ్ల నా కష్టం రబ్బరు కాలిన వాసనై ముందరి గదిలో నిండింది.

మొదట మాట్లాడింది మా ఆయనే. "ఎన్ని బట్టలు కుక్కినవే దాంట్ల?" అన్నాడు.

అంతమంది ముందు అన్నాడు. అంతమందీ చూశారు, బట్టలు వేసింది ఎవరో, ప్లగ్గు పెట్టింది ఎవరో, వద్దన్నది ఎవరో. ఒక్కరు నోరు విప్పలేదు. నేను కూడా విప్పలేదు. ఎందుకు విప్పలేదని తర్వాత ఎన్నిసార్లు నన్ను నేను తిట్టుకున్నానో! మగవాడి ఇజ్జత్ పదిమందిలో పోతే ఇంట్లో ఎవరి మీద దిగుతుందో నాకు తెలుసు కాబట్టి ఊరుకున్నాను. ఊరుకుంటే ఆ మాట అక్కడే ఆగిపోతుందనుకున్నాను. ఎక్కడాగింది? రెండు రోజుల్లో పేటంతా తిరిగింది. బీడీ కార్ఖానాలో చెప్పుకున్నారు, నల్లా దగ్గర చెప్పుకున్నారు. "సౌదీ పోయొచ్చినా చేతకాలే" అన్నారు. మా ఆడబిడ్డ షోలాపూర్ దాటి ఎన్నడూ పోనిది, నాకు మిషన్ ఎలా వాడాలో బోధించింది. చేతినిండా పని ఉన్నప్పుడు తప్పు మోయడం ఇంకో పనిలా అయిపోతుంది. చేసుకుంటూ పోతాం. నేనూ చేసుకుంటూ పోయాను, ఏడు నెలలు.

ఒకరోజు మా ఆయన భోంచేస్తూ, "ఆ మిషన్ తొట్టి మంచిగున్నది. లోపల సామాన్ తీసేసి షెడ్డుల పెడ్త. రంగేసే ముందర నూలు నానబెట్టనీకి పనికొస్తది" అన్నాడు. "అది నాది" అన్నాను. "నీది అయితే కాల్చకపోదువు" అన్నాడు, పచ్చడి నంజుకుంటూ.

అది నేను భరించేదాన్నేమో. కానీ పక్కన లెక్కలు చేసుకుంటున్న సరోజ తల ఎత్తకుండానే, "అవునమ్మా, నువ్వే కాల్చినవ్ గద. ఇప్పుడు గూడ లొల్లి ఎందుకు?" అంది.

ఆ రోజు మిషన్ కాలినప్పుడు సరోజ బడిలో ఉంది. దానికి తెలిసింది ఇంట్లో అందరూ అన్నదే. పద్నాలుగేళ్ల పిల్ల. నేను మూడేళ్లు దాన్ని వదిలి వెళ్లింది ఎవరి కోసమో దానికి ఎవరూ చెప్పలేదు, నేను ఏమీ చేతకానిదాన్నని మాత్రం చెప్పారు. మొగుడి మాటకు రాని కోపం, అత్త మాటకు రాని కోపం, ఆ ఒక్క మాటకు వచ్చింది. నా బిడ్డ కూడా నన్ను ఇలాగే చూస్తూ పెరిగితే, రేపు దాని మీద ఎవరైనా తప్పు వేస్తే అది కూడా తల వంచుకుని మోస్తుంది. అది జరగనియ్యను అనుకున్నాను.

మర్నాడు ఆయన నూలు బజారుకు పోగానే షెడ్డులోంచి పానా తెచ్చాను. పూల కుండీ దించాను, చాదర్ తీశాను. అత్త "ఏందే, ఏం చేస్తున్నవ్?" అని అరిచింది. "దుమ్ము దులుపుతున్న అత్తా" అన్నాను. నాలుగు బోల్టులు విప్పితే మోటార్ చేతిలోకి వచ్చింది. టవల్‌లో చుట్టి, సరోజను వెంట తీసుకుని కుంఠా నాకా చౌరస్తాకు పోయాను. అక్కడ రాజారాం అని, మగ్గాల మోటార్లకు కాలిన కాయిళ్లు తీసి కొత్తవి చుట్టే మనిషి ఉంటాడు. మా ఆయనకు బాగా తెలిసినవాడు.

"వైనీ, నువ్వెందుకు వచ్చినవ్?" అన్నాడు, మరాఠీవాళ్లలా నన్ను వదినె అని పిలుస్తూ. "అంబాదాస్‌ను పంపియ్యి, మాట్లాడ్త."

"మోటార్ నాది రాజారాం అన్నా. మాట నాతోనే మాట్లాడు."

అతను నా మొహం చూసి, సరోజ మొహం చూసి, మోటార్ తిప్పి చూశాడు. మూత విప్పాడు. లోపల రాగి తీగలు నల్లగా మసి అయి ఉన్నాయి. మోటార్‌కు అంటించి ఉన్న కాగితం మీద అంకె చదివి నెత్తి కొట్టుకున్నాడు. "అరే దేవా! ఇది నూటపదిది. దీనికి డైరెక్ట్ కరెంట్ ఎవరు ఇచ్చిన్రు? చిన్న పిల్లగాడు గూడ ఇయ్యడు!"

"సరోజ వాళ్ల నాయిన" అన్నాను.

"బట్టలు ఎక్కువ ఏస్తే గూడ కాలుతదా మామా?" అని సరోజ అడిగింది. దాని గొంతు చాలా చిన్నగా ఉంది.

"బట్టలు ఎక్కువైతే తిరగది బిడ్డా, ఊకె మూలుగుతది. ఇది ఓల్టేజికి కాలింది. చూస్తే తెలుస్త లేదా?"

ఇంటికి వస్తుంటే దారిలో సరోజ నా చెయ్యి పట్టుకుంది. సౌదీ నుంచి వచ్చాక అది నా చెయ్యి తనంతట తాను పట్టుకోవడం అదే మొదలు. నేను రోడ్డు మీదే ఏడ్చేశాను, సిగ్గేమీ పడలేదు.

ఎనిమిది రోజులకు రాజారాం మన కరెంటుకు సరిపోయేలా కాయిల్ చుట్టి ఇచ్చాడు. కొంచెం మెల్లగా తిరుగుతుందన్నాడు. తిరగనియ్యి, నాకు తొందర లేదు. తనే వచ్చి మోటార్ బిగించి, వెనకవైపు గోడకు ప్లగ్గు పెట్టిపోయాడు. నేను, సరోజ మిషన్‌ను ముందరి గదిలోంచి వెనకకు, నీళ్ల తొట్టి పక్కకు ఈడ్చుకొచ్చాం. ఇంట్లో అందరి బట్టలూ వేసి, నీళ్లు పోసి, మీట తిప్పాను. మెల్లగా, బుద్ధిగా తిరిగింది. పక్కింటి యల్లమ్మ గోడ మీంచి తొంగిచూసి, "అగ్గో, తిరుగుతున్నది!" అని కేక పెట్టేసరికి నలుగురు పోగయ్యారు. లోపలి నుంచి అత్త వచ్చింది, షెడ్డులోంచి మా ఆయన కూడా వచ్చాడు. వచ్చి, చూసి, చేతులు నడుము మీద పెట్టుకుని, "మొత్తానికి బాగుచేయించినం" అన్నాడు జనంతో.

"చేయించినం కాదు, నేను చేయించిన" అన్నాను. "కాల్చింది నువ్వు. నూటపది అని నేను చెప్పిన, నువ్వు ఇనలే. రాజారాం అన్న మోటార్ విప్పి చెప్పిండు, మన సరోజ ఇన్నది. అత్తా, ఇగ నువ్వు ఎవరికన్న చెప్పేటప్పుడు ఈ మాట గూడ చెప్పు."

యల్లమ్మ గోడ వెనక "ఊఁ" అంది. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అత్తకు ఏదో ఒకటి అనాలి కదా, మిషన్‌లోకి వంగి చూసింది, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఛీ ఛీ! ఆడోళ్ల లంగలు మొగోళ్ల అంగీలు ఒక్కదాంట్లనే తిప్పుతున్నవా? ఆ నీళ్లు తాకితే మొగోనికి మంచిగుంటదా? ఇంటికి అరిష్టం!"

రియాద్‌లో మూడేళ్లు అందరి బట్టలూ కలిపే తిప్పాను, ఎవరికీ ఏమీ కాలేదు అని చెబుదామనుకున్నాను. అంతలో ఇంకో ఆలోచన వచ్చింది. మిషన్ ఆపాను.

"మంచిది అత్తా. నీ మాట ఎందుకు కాదనాలె?" అన్నాను. మా ఆయన అంగీలు ఒక్కొక్కటీ తీశాను, లుంగీలు తీశాను, మరిది ప్యాంట్లు తీశాను. అన్నీ బకెట్‌లో వేసి మా ఆయన కాళ్ల ముందు పెట్టాను. సబ్బు ముక్క కూడా పైన పెట్టాను. అత్త చీరలు మాత్రం లోపలే ఉంచాను, ఆమె కూడా ఆడదే కదా.

మా ఆయన బకెట్ వైపు చూశాడు. వాళ్ల అమ్మ వైపు చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ల వైపు చూశాడు. చివరికి నా వైపు చూసి, "మరి ఇయి ఎవరు ఉతకాలె?" అన్నాడు.

పదిహేడేళ్ల కాపురంలో ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరైనా అడగడం అదే మొదటిసారి.