రింగుకి లేచే గొంతు

పద్మకుమారి పొద్దున్నే వాకిలి ఊడ్చి, ముగ్గేసి, ముందుగదిలో కంప్యూటర్ తుడిచేది. తెర మీద దుమ్ము, మీటల మధ్య దుమ్ము. చివర్లో కింద పెట్టిన సీపీయూ డబ్బాకి చెవి ఆనించేది. కరెంటు లేకపోయినా లోపల సన్నగా ఊపిరి వినపడేది. ఉంది. అప్పుడు లేచి వెళ్లి టీ పెట్టేది.

కూతురు సింధూరి గొంతు అందులో ఉండబట్టి ఏడాదైంది.

డిగ్రీ చదువు కోసం సింధూరిని విజయనగరంలో మేనమామ జగన్నాధం ఇంట్లో ఉంచారు. నిరుడు కార్తీకమాసంలో ఓ ఆదివారం ఆ ఇంటివాళ్లు వనభోజనాలకి వెళ్లారు. జ్వరంగా ఉందని సింధూరి ఉండిపోయింది. జగన్నాధం కొడుకు కళ్యాణ్ కూడా వెళ్లలేదు. ఆ మధ్యాహ్నం సింధూరి అరసవల్లిలో ఇంటికి ఫోన్ చేసింది. ఇక్కడ అందరూ గుళ్లో ఉన్నారు. మూడు రింగులయ్యాక కంప్యూటరే ఎత్తింది. ఫ్యాక్సుల కోసం అలా ఎత్తేటట్టు పెట్టి ఉంచారు దాన్ని.

మర్నాడు బస్సు దిగిన పిల్లకి గొంతు లేదు.

విశాఖపట్నంలో డాక్టరు టార్చి వేసి చూసి, ఏ లోపమూ లేదన్నాడు. ఫోన్లో వచ్చిన గొంతు వచ్చినట్టే కంప్యూటర్ లోపల ఉండిపోయిందని ఇంట్లో వాళ్లకి తెలిసింది. తరవాత వీధికీ తెలిసింది. "ఇంకా కంప్యూటర్లోనే ఉందా?" అని అడిగేవారు. "చెమ్మ తగలనీకండి పాపం" అని చెప్పి వెళ్లేవారు.

ఏం జరిగిందని పద్మకుమారి కాగితం ఇచ్చి అడిగింది. సింధూరి పెన్ను పట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంది. కాగితం తెల్లగానే ఉంది. పద్మకుమారి రెండోసారి అడగలేదు.

ఆమె భర్త నగరేశ్వరరావుది జీడిపప్పు కమిషన్ వ్యాపారం. పలాస ధరలు కాగితం మీద రాసి ఊళ్లూళ్ల షావుకార్లకి ఆ కంప్యూటర్ నుంచే ఫ్యాక్స్ చేసేవాడు. అది పదేళ్ల కిందటి మెషిన్. ఎవరు ఫోన్ చేసినా మామూలుగానే మోగేది. కళ్యాణ్ చేస్తే మాత్రం వేరు. ఆపేసి ఉన్నా మొదటి రింగుకే తనంతట తను లేచేది. తెర వెలిగేది. కళ్యాణ్ సెల్ నంబరు పడేది. ఎవరూ ముట్టకుండానే లైను కలిసేది. డబ్బా మీద పచ్చ లైటు గబగబా కొట్టుకునేది. చప్పుడేమీ వచ్చేది కాదు. కాసేపటికి అవతల పెట్టేసేవాడు.

"బావ ఫోనంటే దాని గొంతుకి ఎంత ఆత్రమో సూడు" అనేది నగరేశ్వరరావు తల్లి లక్ష్మణమ్మ, బోసినోటితో నవ్వుతూ. "ఏటి మాటాడుకుంటన్నారో!"

"ఆళ్ల మాటలు మనకెందుకే అమ్మా" అని నగరేశ్వరరావు పేపరు అడ్డం పెట్టుకునేవాడు. బావా మరదళ్ల మధ్య పెద్దవాళ్లు చెవులు పెట్టకూడదని ఆ ఇంట్లో అందరూ లేచి పక్క గదిలోకి వెళ్లేవారు. సింధూరి పెరట్లోకి పోయి కుళాయి కింద చేతులు పెట్టేది. లైటు ఆగే దాకా కడుగుతూనే ఉండేది.

"సిగ్గే దానికి" అనేది ముసలమ్మ.

సిగ్గే కాబోలు అని పద్మకుమారి అనుకుంది. కళ్యాణ్ తన అన్న కొడుకు. తన చేతుల్లో పెరిగినవాడు.

ఈ కార్తీకంలో జగన్నాధం వచ్చాడు. పీట మీద కూర్చుని మజ్జిగ తాగి, సూటిగా మాట్లాడాడు.

"గొంతు లేని పిల్లని బయటోడెవడు సేసుకుంటాడమ్మా? మన పిల్ల మనింటికొస్తాది. మావాడు ఒప్పుకున్నాడు. ఒకటే అడిగేడు."

"ఏటన్నయ్యా?"

"ఆ కంప్యూటరు తీసీమన్నాడు. పాతదైపోయింది కదా. కొత్తది తనే కొనిస్తాడట."

"దాని గొంతు అందులో ఉన్నాది కదన్నయ్యా."

"అదే నేనూ అన్నాను. గొంతు లేకపోయినా పర్లేదు అన్నాడు. ఎంత మంచోడే మావాడు!"

లక్ష్మణమ్మ కళ్లు తుడుచుకుంది. పద్మకుమారి గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. గ్లాసు కడిగింది. మళ్లీ కడిగింది. తన చేతులు చూసుకుని కుళాయి కట్టేసింది.

మర్నాడు రిపేర్ల చినబాబుని పిలిపించింది. ఆ మెషిన్ బిగించింది అతనే. డబ్బా పక్క రేకు విప్పి, బ్రష్‌తో దుమ్ము దులిపాడు.

"ఇందులోంచి గొంతు ఒక్కటీ తీసి వేరే దాంట్లో పెట్టగలవా?"

"కుదరదమ్మా. ఇదిగో, ఈ నల్ల బిళ్ల సూడండి, గోరంత ఉన్నాది. పాటలకీ ఫోనుకీ కలిపి ఒకటే చిప్పు. ఇప్పుడు విడివిడిగా వస్తన్నాయి గానీ అప్పట్లో ఇదే. రింగొస్తే పడుకున్న మెషిన్ని లేపుతాది. ఎవలు సేసేరో నంబరు సూస్తాది. ఒక పక్క వింటూనే ఇంకో పక్క మాటాడతాది. మా ఆవిడ లాగ." నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు.

"మాటాడతాదా? మాకేటీ వినపడదే."

"మీ ఆయనే మూయమన్నారు కదమ్మా. ఫ్యాక్స్ కూత ముసలమ్మగారికి పడటం లేదని. పాటల సౌండు వేరు, ఫోను సౌండు వేరు. ఫోనుది మూసుంది. ఇంట్లోకి రాదు గానీ లైన్లోకి పోతాది. అవతలోడికి బాగా వినపడతాది."

"ఎలా తెరవడం?"

తెర మీద చిన్న గడి చూపించాడు. అందులో టిక్కు ఉంది. "ఇది తీసీడమే. తీసీమంటారా?"

"వద్దు. నేను తీస్తాను."

నాలుగు రోజులు తీయలేదు. గడి వంక చూసేది, లేచిపోయేది.

ఐదో రోజు మధ్యాహ్నం, నగరేశ్వరరావు భోజనానికి కూర్చున్నాడు. ముహూర్తం పెట్టించాక ఫోన్ చేస్తానని కళ్యాణ్ అప్పటికే కబురు పంపి ఉన్నాడు. రింగు వచ్చింది. తెర వెలిగింది. సింధూరి పెరట్లోకి నడిచింది. పచ్చ లైటు కొట్టుకుంటోంది. పద్మకుమారి గరిటె కింద పెట్టి ముందుగదిలోకి వెళ్లి, టిక్కు తీసేసింది.

"బావా తలుపు తియ్యి. బావా తలుపు తియ్యి. ఎవలికీ సెప్పను, తలుపు తియ్యి బావా. అమ్మా, ఫోనెత్తు. అమ్మా, ఫోనెత్తవే. బావా..."

జ్వరం గొంతు. ఏడాది కిందటిది. ఊపిరి తీసుకోడానికి కూడా ఆగటం లేదు. దాని మీదే, అదే స్పీకర్లోంచి, కళ్యాణ్ గొంతు.

"ఒసే, ఇంకెన్నాళ్లే ఇదీ? నోరు మూస్తావా లేదా? తాళి కట్టీసేక ఏటి సేస్తావే? ఆ డబ్బా సెరువులో పారేయిస్తాను. మీ అమ్మని పిలు."

పద్మకుమారి తెర పక్కనున్న మైకు దగ్గరికి వంగింది.

"వింటన్నాను కళ్యాణ్" అంది.

లైను తెగింది.

నగరేశ్వరరావు ఎంగిలి చేత్తో గుమ్మంలో నిలబడ్డాడు. మెతుకులు వేళ్లకి ఆరిపోతున్నాయి. లక్ష్మణమ్మ మంచం మీద నుంచి కాళ్లు దించి, మళ్లీ పైకి పెట్టుకుంది.

"ఆ సౌండు మూసీ" అన్నాడతను. తరవాత మెల్లగా, "నీ అన్న కొడుకే కదే. పెళ్లి మానేద్దాం. అక్కడితో వదిలేద్దాం. బయటికెళ్తే పిల్ల బతుకేటవుద్ది?"

"ఇప్పుడు దాని బతుకేటయిందో విన్నావు కదా."

పద్మకుమారి డబ్బా పక్కన కింద కూర్చుంది. వైర్లు ఒక్కొక్కటే పీకింది. డబ్బాని పాత దుప్పట్లో చుట్టి గుమ్మం దాటింది. ఆటో ఎక్కాక వెనక అడుగుల చప్పుడైంది. సింధూరి. తడి చేతులు లంగాకి తుడుచుకుని, తల్లి ఒళ్లోంచి డబ్బా తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

"సర్వీసింగుకాండీ?" అన్నాడు ఆటో అతను.

"కాదు. పోలీస్ స్టేషన్‌కి."

స్టేషన్‌లో ఝాన్సీ అనే కానిస్టేబుల్ కాగితాలు సర్దుకుంటూ ఉంది. డబ్బాని బల్ల మీద పెట్టమంది. ప్లగ్గు ఎక్కడని ఎవరూ అడగలేదు.

"పేరు?"

పద్మకుమారి నోరు తెరిచింది. అంతకన్నా ముందే డబ్బాలోంచి వచ్చింది.

"సింధూరి."

ఝాన్సీ రాసుకుంది. "వయసు?"

"ఇరవై."

"కొంచెం నిదానంగా సెప్పమ్మా, రాసుకోవాలి. కంగారేటీ లేదు." పెన్ను పైకెత్తి పద్మకుమారి వైపు చూసింది. "మీరు బయట బెంచీ మీద కూకుంటారా? తల్లులు వినలేరు. సాలామందిని సూసేను."

సింధూరి తల్లి వైపు చూడలేదు. డబ్బా మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది.

పద్మకుమారి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"వింటాను" అంది.

గొంతు మొదటి నుంచి మొదలుపెట్టింది.